ఒకే తేదీన పుట్టిన సంగీతకారులు: ఆ ‘ఒకే తేదీ’ని తేల్చడం ఎలా

ఆగస్టు 4 కిశోర్ కుమార్ పుట్టినరోజు. 1929లో ఖండ్వాలో పుట్టారు. జాజ్ సంగీతానికి పెద్దదిక్కయిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది కూడా ఆగస్టు 4నే. ఇద్దరూ మాటలు పక్కనపెట్టి ఒట్టి గొంతుతో ఆటలాడినవాళ్లు. కిశోర్‌ది గొంతును ఒక్కసారిగా పైకీ కిందికీ విసిరే యోడలింగ్, ఆర్మ్‌స్ట్రాంగ్‌ది అర్థంలేని అక్షరాలతో పాడే స్కాట్. ఇంత చక్కటి జత గురించి ఆర్మ్‌స్ట్రాంగ్‌కు మాత్రం తెలియనే తెలియదు. ఆయన బతికినన్నాళ్లూ 1900 జూలై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం నాడు పుట్టానని చెప్పుకున్నారు. 1971లో కన్నుమూశారు. 1980ల్లో టాడ్ జోన్స్ అనే పరిశోధకుడు న్యూ ఆర్లియన్స్‌లో ఒక చర్చి బాప్తిజం రిజిస్టరు వెతికితే అందులో 1901 ఆగస్టు 4 అని ఉంది. రిజిస్టరులో ఆ ఒక్క పంక్తి దొరకకపోతే ఈ జతే లేదు.

ఇద్దరు సంగీతకారుల పుట్టినరోజు ఒకటేనని అన్నామంటే, నిజానికి రెండు కాగితాల మీద ఒకే తేదీ ఉందని అంటున్నాం. ఆ కాగితాలు ఏ క్యాలెండర్‌లో రాశారు, పుట్టిన రోజు రాశారా బాప్తిజం రోజు రాశారా, ఎవరు చెబితే రాశారు అన్నవి చూడకుండా పేర్లు పక్కపక్కన పేర్చేస్తే సగం జతలు నిలబడవు. నిలబడినవి మాత్రం చాలా బాగుంటాయి. వాటికోసమైనా ఈ వడపోత అవసరం.

క్యాలెండర్ తెచ్చే చిక్కు

మార్చి 21 తీసుకుందాం. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685లో, రష్యా స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ 1839లో, షెహనాయి విద్వాంసుడు బిస్మిల్లా ఖాన్ 1916లో. ఎక్కడ చూసినా ఈ ముగ్గురినీ ఒకే వరుసలో పెడతారు. బాఖ్ పుట్టిన ఐసెనాఖ్‌లో అప్పటికింకా పాత జూలియన్ క్యాలెండరే నడుస్తోంది. ఇప్పుడు అందరం వాడే గ్రెగోరియన్ లెక్కకు అది అప్పట్లో పది రోజులు వెనక, అందుకే ఆ మార్చి 21 ఇందులో మార్చి 31. ముస్సోర్గ్‌స్కీ పుట్టినప్పుడు రష్యాలోనూ జూలియనే. అక్కడి కాగితం ప్రకారం ఆయన పుట్టింది మార్చి 9న, దాన్ని మార్చితేనే 21 అయింది. అంటే బాఖ్ తేదీని మార్చకుండా, ముస్సోర్గ్‌స్కీ తేదీని మార్చి రెండింటినీ ఒకటి చేశారు. పాత లెక్కలో చూస్తే 21, 9. కొత్త లెక్కలో చూస్తే 31, 21. ఏ ఒక్క క్యాలెండర్‌లోనూ ఈ ఇద్దరూ కలవరు. ముగ్గురిలో బిస్మిల్లా ఖాన్‌కూ ముస్సోర్గ్‌స్కీకీ మాత్రమే కొత్త లెక్కలో నిజంగా కలుస్తుంది.

మరి బాఖ్‌కు జోడీ ఎవరు? మార్చి 31 అనుకుంటే స్వరకర్త యోసెఫ్ హైడన్. 1732లో ఆస్ట్రియాలోని రోరావ్‌లో పుట్టారు. అక్కడ అప్పటికే కొత్త క్యాలెండర్ ఉంది కాబట్టి ఆయన తేదీని మార్చక్కర్లేదు. అదే 1685లో జర్మనీలోని హాలేలో పుట్టిన స్వరకర్త హాండెల్‌ది కూడా ఇదే కథ. రిజిస్టరు తేదీ ఫిబ్రవరి 23, కొత్త లెక్కలో మార్చి 5. ఆ రోజున ధార్వాడ్‌లో పుట్టిన హిందుస్తానీ గాయని గంగూబాయి హంగల్ (1913), బ్రెజిల్ స్వరకర్త విల్లా-లోబోస్ (1887) ఆయన పక్కకు చేరతారు. ఒక్క సర్దుబాటుతో జాబితాలో ఇరుగుపొరుగంతా మారిపోతుంది.

మార్చే పద్ధతి కష్టమేమీ కాదు, తప్పు జరిగే చోటు మాత్రం ఒకటుంది. ముందు ఊరు చూడాలి, ఆ ఊళ్లో ఆ ఏడాది ఏ క్యాలెండర్ అమలులో ఉందో చూడాలి. ఇటలీ, స్పెయిన్ 1582లోనే మారాయి కాబట్టి ఇటలీ స్వరకర్తలు వివాల్డీ, వెర్డీ లాంటివాళ్ల తేదీలకు ఏమీ చేయక్కర్లేదు. జర్మనీలోని ప్రొటెస్టెంట్ ప్రాంతాలు 1700లో మారాయి. అక్కడ ఫిబ్రవరి 18 మర్నాడు మార్చి 1 వచ్చింది. బ్రిటన్‌లో 1752 సెప్టెంబర్ 2 మర్నాడు 14. రష్యాలో 1918 జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14. పాత లెక్కలో రాసిన తేదీ అని తేలితే కలపాల్సిన రోజులు ఇవి: 1700 ఫిబ్రవరి చివరి వరకు 10, అక్కడినుంచి 1800 ఫిబ్రవరి వరకు 11, 1900 ఫిబ్రవరి వరకు 12, ఆ తరువాత 13.

పుట్టిన శతాబ్దానికి సరిపోయే అంకె కలపాలి, పండగ చేసుకునే శతాబ్దానిది కాదు. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. రష్యా స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 1882లో పాత లెక్క ప్రకారం జూన్ 5న పుట్టారు. 12 కలిపితే జూన్ 17. ఆయన మాత్రం జూన్ 18న పుట్టినరోజు జరుపుకునేవారు. ఎందుకంటే 1900 దాటాక రష్యావాళ్ల జూన్ 5, మిగతా యూరప్‌లో 18గా వచ్చేది. ఇంటి క్యాలెండర్‌ను నమ్ముకున్న మనిషికి అది సహజమే. జాబితా రాసేవాళ్లకు మాత్రం ఈ ఒక్క రోజు తేడాతో పక్కవాళ్లు మారిపోతారు. 17 అయితే ఫ్రెంచి స్వరకర్త షార్ల్ గునో (1818), ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లామార్ (1987). 18 అయితే పాల్ మెకార్ట్‌నీ (1942). స్ట్రావిన్‌స్కీని మెకార్ట్‌నీ పక్కన పెట్టాలని ఎవరికైనా మనసు లాగుతుంది, కానీ పుట్టిన తేదీ ప్రకారం ఆయన 17వ తేదీ మనిషి.

జనవరి 6న ఎ.ఆర్. రెహమాన్‌తో (1967) జతపడే రష్యా స్వరకర్త స్క్రియాబిన్ కాగితం మీద క్రిస్మస్ బిడ్డ. 1871 డిసెంబర్ 25కు 12 కలిపితే 1872 జనవరి 6. తేదీతోపాటు సంవత్సరం కూడా మారింది. డిసెంబర్ చివర పుట్టిన రష్యన్లందరి విషయంలోనూ సంవత్సరం గడి మరోసారి చూసుకోవాలి.

కాగితంలో ఏముంది, ఎవరు చెప్పారు

బీథోవెన్ పుట్టినరోజు డిసెంబర్ 16 అని రాసేస్తుంటారు. బాన్ నగరం చర్చి పుస్తకంలో ఉన్నది 1770 డిసెంబర్ 17న బాప్తిజం ఇచ్చారన్న మాట ఒక్కటే. ఆ కాలంలో బిడ్డ పుట్టిన ఒకరోజు లోపల బాప్తిజం ఇచ్చే ఆనవాయితీ ఉంది కాబట్టి 16 అని ఊహించారు. మంచి ఊహే, కానీ ఊహే. హంగరీ స్వరకర్త కొడాయ్ (1882 డిసెంబర్ 16) తేదీ ఖాయం. వీళ్లిద్దరినీ జత చేస్తే బీథోవెన్ పేరు పక్కన ‘బహుశా’ అన్న మాట ఉండి తీరాలి.

వెర్డీది ఇంకా సూక్ష్మమైన చిక్కు. 1813 అక్టోబర్ 11న రాసిన బాప్తిజం పత్రంలో ‘నిన్న పుట్టాడు’ అని ఉంది. అంటే 10 అనిపిస్తుంది. అప్పట్లో రోజును సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టే అలవాటు కూడా ఉండటంతో, ఆ ‘నిన్న’ 9వ తేదీ సాయంత్రమైనా కావచ్చు. తల్లి చెప్పిన మాట ప్రకారం వెర్డీ ఎప్పుడూ 9వ తేదీనే జరుపుకున్నారు. ఆ తేదీ ఒప్పుకుంటే సాఁ-సాన్స్ (1835), జాన్ లెనన్ (1940), ఆయన కొడుకు షాన్ లెనన్ (1975) ఉన్న గదిలోకి వెర్డీ కూడా వస్తారు. తండ్రీకొడుకులిద్దరూ సంగీతకారులే అయి, ఇద్దరూ ఒకే తేదీన పుట్టిన గది అది.

పియానో స్వరకర్త షోపాన్ విషయంలో చర్చి పుస్తకం 1810 ఫిబ్రవరి 22 అంటుంది, ఇంటివాళ్లు మార్చి 1 అన్నారు. ఇప్పుడు వ్యవహారంలో మార్చి 1 ఎక్కువ. రష్యా స్వరకర్త ప్రొకోఫియెవ్ తన పుట్టినరోజు 1891 ఏప్రిల్ 23 అని నమ్మారు, జనన పత్రంలో 27 ఉంది. ఆయన మాట తీసుకుంటే ఎస్. జానకి (1938), అమెరికా గాయకుడు రాయ్ ఆర్బిసన్ (1936) తోడవుతారు. పత్రం తీసుకుంటే వాళ్లు దూరమవుతారు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ జనన పత్రంలో 1943 ఫిబ్రవరి 25 ఉంది. అర్ధరాత్రికి కాస్త ముందు, 24నే పుట్టానని ఆయన తరువాతి రోజుల్లో అనుకున్నారు. అర్ధరాత్రికి అటూ ఇటూ పుట్టినవాళ్ల విషయంలో గడియారం మీద ఆధారపడిన ఏ జతనైనా గట్టిగా చెప్పకపోవడమే మేలు.

కాగితం తప్పు లేకుండానే తేదీ మారిన సందర్భం ఇళయరాజాది. ఆయన 1943 జూన్ 3న పుట్టారు. తనకు ‘ఇసైజ్ఞాని’ బిరుదునిచ్చిన కరుణానిధి పుట్టినరోజు కూడా జూన్ 3 కావడంతో, ఆ రోజును ఆయనకే వదిలిపెట్టి తను జూన్ 2న జరుపుకోవడం మొదలుపెట్టారు. ఒకే పుట్టినరోజు కావడమే పుట్టినరోజును మార్చేసింది. అభిమానులు శుభాకాంక్షలు చెప్పాల్సింది జూన్ 2నే, ఆయన కోరుకున్నది అదే. జతలు వెతికే పట్టికలో మాత్రం జూన్ 3 రాసి, పక్కన 2 అని గుర్తు పెట్టాలి. లేకపోతే జూన్ 2న పుట్టిన ఎడ్వర్డ్ ఎల్గార్‌తో (1857) లేని చుట్టరికం కలుస్తుంది.

పల్లెల్లో పుట్టిన చాలామంది పాత తరం కళాకారుల తేదీలు బడిలో చేర్చేటప్పుడు రాయించినవి. వయసు సరిపోవడం కోసం ఏదో ఒక తేదీ వేయించేవారు. అందుకే నెలల మొదటి తేదీల్లో పేర్లు గుట్టగా కనిపిస్తే ఆశ్చర్యపోకుండా అనుమానించాలి.

ఎంతమందిలో ఎన్ని జతలు

జతలు దొరకడం అద్భుతంగా అనిపించడానికి కారణం, మనకు లెక్క ఎదురుదిశలో తోచడం. 23 మంది ఉన్న గాయక బృందంలో కనీసం ఒక జతకు ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం 50.7 శాతం. మనుషులు 23 మందే అయినా వాళ్ల మధ్య జతలు 253. పోలిక జరిగేది జతల మధ్య. 40 మంది అయితే 89 శాతం, 57 మందికి 99 శాతం. 90 మంది ఉన్న సింఫనీ వాద్యబృందంలో జతలు 4,005. దాన్ని 365తో భాగిస్తే సగటున 11 జతలు కలవాలి. అలాంటి బృందంలో ఒక్క జతా లేకపోతేనే వింత.

అయితే ‘నా పుట్టినరోజున ఇంకెవరు పుట్టారు’ అన్నది వేరే ప్రశ్న. అప్పుడు ఒక్క తేదీనే పట్టుకుని చూస్తున్నాం. వంద మంది బృందంలో ఒక వయొలిన్ కళాకారుడి తేదీ మరొకరితో కలిసే అవకాశం 24 శాతమే. సగానికి సగం అవకాశం కావాలంటే మిగతావాళ్లు 253 మంది ఉండాలి. ముగ్గురికి ఒకే తేదీ పడే అవకాశం సగం దాటాలంటే 88 మంది కావాలి.

పెద్ద జాబితాలకూ ఇదే లెక్క. వెయ్యిమంది సంగీతకారుల పేర్లు సేకరిస్తే రోజుకు సగటున 2.7 పేర్లు వస్తాయి. అయినా 23 తేదీల దాకా ఖాళీగానే మిగులుతాయి. ఆ ఖాళీలు సేకరించినవాళ్ల లోపం కాదు, యాదృచ్ఛికత ఎప్పుడూ సమంగా పరుచుకోదు. మూడువేల పేర్లయితే రోజుకు ఎనిమిదిమంది. ఎనిమిదిమందిలో ఇద్దరు మహానుభావులు తేలడం మామూలే. కాబట్టి ఒక తేదీకి సంగీతం అబ్బే గుణం ఉందన్న వాదనకు ఈ జాబితాలు ఆధారం కావు. పేర్లు దొరకని తేదీల గురించి ఎవరూ రాయరు కాబట్టి దొరికినవి ఎక్కువగా కనిపిస్తాయి.

నవంబర్ 22 లాంటి తేదీ మాత్రం ఎంత లెక్క తెలిసినవాళ్లనైనా ఒక్క క్షణం ఆపుతుంది. పశ్చిమ దేశాల్లో సంగీతకారులకు అధిదేవతగా కొలిచే సెయింట్ సెసీలియా పండగ ఆ రోజే. బాఖ్ పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ బాఖ్ (1710), స్పెయిన్ స్వరకర్త రొద్రిగో (1901), బెంజమిన్ బ్రిటెన్ (1913) పుట్టింది కూడా ఆ రోజే. ఫ్రీడెమన్ తేదీ 1700 తరువాతిది, అప్పటికి జర్మనీ కొత్త క్యాలెండర్‌లోకి వచ్చేసింది. అందుకే తండ్రి తేదీకి ఉన్న చిక్కు కొడుకు తేదీకి లేదు.

పట్టిక తయారుచేసేటప్పుడు

స్ప్రెడ్‌షీట్‌లో తేదీని ఒకే గడిలో పెట్టడం మొదటి పొరపాటు. ఎక్సెల్ 1900 కంటే ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు. వాటిని మామూలు అక్షరాలుగా నిలుపుకుంటుంది, వరుసలో పెట్టమంటే తికమక చేస్తుంది. అందుకని సంవత్సరం, నెల, రోజు మూడు వేరు వేరు నిలువు వరుసల్లో అంకెలుగా వేయాలి. నెల, రోజు ప్రకారం వరుసలో పెడితే జతలు వాటంతటవే పక్కపక్కకు వస్తాయి. వీటికి తోడు ఇంకో నాలుగు వరుసలు కావాలి: కాగితంలో ఉన్న తేదీ మార్చకుండా, అది ఏ క్యాలెండర్‌దో, పుట్టిన ఊరు, ఆధారం ఎలాంటిది (జనన రిజిస్టరు, బాప్తిజం, సొంత మాట, సమాధి రాయి). మూల తేదీని చెరిపేసి మార్చిన తేదీని మాత్రమే ఉంచితే, ఇంకొకరు దానికి మళ్లీ 12 రోజులు కలిపే ప్రమాదం ఉంది. రష్యన్ల తేదీల్లో ఇది తరచుగా జరిగే తప్పు.

అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు. 9/10 అని ఉంటే అక్కడ సెప్టెంబర్ 10, మనకు అక్టోబర్ 9. రోజు 12 లోపు ఉన్న ప్రతి తేదీనీ నెల పేరు అక్షరాల్లో ఉన్న ఇంకోచోట సరిచూడాలి. 13 పైన ఉన్నవాటికి ఈ బెడద లేదు. సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్లకు కొన్ని డేటాబేస్‌లు తమంతట తామే జనవరి 1 నింపేస్తాయి. ఆ రోజున పుట్టినవాళ్లు అసాధారణంగా ఎక్కువమంది కనిపిస్తే వాళ్లలో సగం మంది తేదీ లేనివాళ్లేనేమో చూడాలి. తెలియని గడిని ఖాళీగా వదలాలి.

ఫిబ్రవరి 29ని దాని చోటే ఉంచాలి. ఇటలీ స్వరకర్త రొసీనీ 1792లో ఆ రోజు పుట్టారు. 1800 లీపు సంవత్సరం కాదు కాబట్టి 1796 తరువాత ఆయన తేదీ మళ్లీ 1804లోనే వచ్చింది. 76 ఏళ్ల జీవితంలో ఆయన తేదీ 18 సార్లే వచ్చింది. సౌకర్యం కోసం మార్చి 1కి జరిపితే ఆయన షోపాన్‌కు జతైపోతారు, అది అబద్ధపు జత. ఆయనకు అసలైన తోడు 1904లో పుట్టిన జాజ్ వాద్యకారుడు జిమ్మీ డోర్సీ.

తిథి లెక్క తీసుకుంటే ఈ పట్టికంతా ఇంకోలా ఉంటుంది. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు. తిథి ఏటా 11 రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ, అధికమాసం వచ్చినప్పుడు ముందుకు దూకుతుంది. ఇంగ్లిష్ తేదీ, తిథి మళ్లీ దాదాపు ఒకచోట కలిసేది 19 ఏళ్లకు. కాబట్టి ఒకే తేదీన పుట్టిన ఇద్దరి తిథి ఒకటే కావడం అరుదు. త్యాగరాజస్వామిని తలుచుకునే పుష్య బహుళ పంచమి ఆయన పుట్టిన తిథి కాదు, సిద్ధి పొందిన తిథి. కర్ణాటక సంగీత సంప్రదాయంలో ఆరాధనకు ఉన్న స్థానం జయంతికి తక్కువ. వాగ్గేయకారుల పేర్లు పట్టికలో చేర్చేటప్పుడు ఏ రోజు జన్మదినమో, ఏ రోజు ఆరాధనో విడదీయాలి.

నిలబడిన జతలతో ఏం చేయవచ్చు

వడపోత అయ్యాక మిగిలినవాటిలో సెప్టెంబర్ 16 చాలా బరువైన తేదీ. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1916లో మదురైలో. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ 1925లో. అదే రోజు, అదే సంవత్సరం జాజ్ గిటారిస్టు చార్లీ బర్డ్. కవలలు కాని ఇద్దరు ప్రసిద్ధులు ఒకే వాద్యం పట్టి, ఒకే రోజు ఒకే ఏడు పుట్టడం తేదీ ఒక్కటి కలవడం కన్నా చాలా అరుదు. అదే తేదీన 1887లో పారిస్‌లో నాదియా బులాంజే పుట్టారు. కోప్లాండ్, పియాత్సోలా, ఫిలిప్ గ్లాస్, క్విన్సీ జోన్స్ లాంటివాళ్లకు పాఠం చెప్పిన గురువు ఆమె. ఆమె పుట్టింది స్వరకర్త అయిన తండ్రి ఎర్నెస్ట్ బులాంజే 72వ పుట్టినరోజున. వీటిలో ఏ తేదీనీ క్యాలెండర్ మార్చాల్సిన పని లేదు. సెప్టెంబర్ 8 కూడా అలాంటిదే: ద్వోర్జాక్ (1841), జిమ్మీ రాజర్స్ (1897), భూపేన్ హజారికా (1926), పాట్సీ క్లైన్ (1932), ఆశా భోస్లే (1933). కిశోర్ కుమార్ యోడలింగ్‌కు ప్రేరణగా చెప్పే పేర్లలో ఈ రాజర్స్ ఒకరు.

రేడియోలోనో వేదిక మీదో పుట్టినరోజు కార్యక్రమం వేసేవాళ్లు సాధారణంగా ఆ రోజు పేర్లన్నీ చదివి, ఒక్కొక్కరివి రెండేసి నిమిషాలు వినిపించి వదిలేస్తారు. అలా చేస్తే ఎవరి సంగీతమూ చెవిలో నిలవదు. రెండు పేర్లే తీసుకుని, వాళ్లను కలిపే సంగీత కారణం ఒకటి వెతికితే కార్యక్రమం బతుకుతుంది. అందుకు మే 7 తిరుగులేని ఉదాహరణ. స్వరకర్తలు బ్రామ్స్ 1833లో జర్మనీలోని హాంబర్గ్‌లో, చైకోవ్‌స్కీ 1840లో రష్యాలోని వోట్కిన్‌స్క్‌లో పుట్టారు. చైకోవ్‌స్కీ కాగితం మీద ఏప్రిల్ 25 ఉంది, 12 కలిపితే సరిగ్గా మే 7. ఇద్దరి పుట్టుకా 1800 తరువాతదే, ఇద్దరినీ ఒకే క్యాలెండర్‌లో కొలిచాం, కాబట్టి ఈ జత గట్టిది.

ఇద్దరూ 1878లో ఒక్కొక్క వయొలిన్ కన్చర్టో (ఒక వయొలిన్‌కు తోడుగా పూర్తి వాద్యబృందం వాయించే రచన) రాశారు, రెండూ డి మేజర్ అనే శ్రుతిలోనే. వయొలిన్‌కు నాలుగు తీగలు: జి, డి, ఎ, ఇ. డి మేజర్‌లో రాస్తే ముఖ్యమైన స్వరాలు వేలు నొక్కని విడి తీగల మీదే పడతాయి, వాద్యం నిండుగా మోగుతుంది. అందుకే ఆ శ్రుతిని ఎంచుకోవడంలో వింతేమీ లేదు. బ్రామ్స్‌ది సుమారు 40 నిమిషాలు, చైకోవ్‌స్కీది 35 నిమిషాలు. రెండూ ఒక్కరే వాయిస్తే రెండోదాని చివరి భాగానికి చేయి అలసిపోతుంది. ఇద్దరు వయొలినిస్టులను పెట్టుకోవడమో, ఒకదాని బదులు సింఫనీ వేయడమో మంచిది. ముందు బ్రామ్స్, విరామం, తరువాత చైకోవ్‌స్కీ అయితే వినేవాళ్లకు తేలిక. చైకోవ్‌స్కీ ముగింపు వేగం తరువాత బ్రామ్స్ మొదటి భాగపు నిదానం నిలవడం కష్టం.

చైకోవ్‌స్కీ కన్చర్టోను 1881లో వియన్నాలో మొదటిసారి వాయించింది అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ. 1888 జనవరి 1న లైప్‌జిగ్‌లో ఆ బ్రాడ్‌స్కీ ఇంటికి చైకోవ్‌స్కీ భోజనానికి వెళ్లేసరికి, లోపల బ్రామ్స్ తన పియానో ట్రయో (పియానో, వయొలిన్, చెల్లో కలిసి వాయించే రచన) రిహార్సల్ చేస్తున్నారు. ఇద్దరూ కలవడం అదే మొదటిసారి. ఆ రోజు జర్మనీలో కొత్త సంవత్సరం. రష్యా క్యాలెండర్‌లో ఇంకా 1887 డిసెంబర్ 20.